ఇది పిట్ట కాదు

హబ్సిగూడ నుంచి ఉప్పల్ పోయే రోడ్డు మీద, ఎడమచేతి వైపు ఒక సందులో, ఆ రోజుల్లో ఒక ఆఫీసు ఉండేది. దాని పేరు బోర్డు మీద మూడు భాషల్లో రాసి ఉండేది. ఏ భాషలో చదివినా లోపల ఏం చేస్తారో ఎవరికీ అర్థమయ్యేది కాదు. చుట్టుపక్కల జనం మాత్రం హాయిగా "సచ్చిన పిట్టల ఆఫీసు" అనేవాళ్లు. అన్యాయంగా అన్నమాట కాదు లెండి. దేశం నలుమూలల నుంచి తెచ్చిన పిట్టల తోళ్లలో దూది కూరి, కాలికి చీటీ కట్టి, కలరా ఉండలు చల్లి, సొరుగుల్లో వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లు. సొరుగుల్లో పిట్టలూ, కుర్చీల్లో ఆఫీసర్లూ ఒకే తీరున కదలకుండా ఉండేవారు. కాకపోతే పిట్టలకు ఇంక్రిమెంట్లు లేవు.

ఆ ఆఫీసులో కదిలే ప్రాణి ఒక్కటే, ఏలియా. నాచారంలో ఒక గది అద్దెకు తీసుకుని, రోజూ సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. పిట్ట తోలు ఒలిచి దూది కూరితే ఒక్క ఈక చెదిరేది కాదు. జనగామ దగ్గర మిషను బడిలో నేర్చుకున్న గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో చీటీలు రాసేవాడు. పన్నెండేళ్ల నుంచి ఈ పని చేస్తున్నాడు. చేస్తున్నాడు కానీ ఉద్యోగి కాదు, ఎన్నెమ్మార్. ఎన్నెమ్మార్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రోజూ వచ్చి అందరి పనీ చేసినా, కాగితం మీద లేని మనిషి అని అర్థం.

ఏలియాకు పెద్ద పెద్ద ఆశలు లేవు. అతనికి కావలసింది ఒక నీలం రంగు దవాఖానా కార్డు. పర్మినెంటు వాళ్లకే ఇస్తారు. అతని భార్య రాహేలుకు ఆయాసం. చలికాలం వస్తే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఊపిరి అందక మంచం పట్టె పట్టుకుని కూర్చుంటే, ఏలియా ఆమె వీపు మీద అరచెయ్యి వేసి పక్కన కూర్చునేవాడు. అంతకుమించి చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ఆ కార్డొకటి ఉంటే పెద్ద దవాఖానాలో గొట్టం పెట్టి చూస్తారు, మందులిస్తారు. అందుకోసం అతని ఫైలు పన్నెండేళ్లుగా డాక్టర్ జనార్ధనరావుగారి బల్ల మీద, అద్దం కింద పెట్టిన దేవుడి పటానికి కుడిపక్కన, చాలా గౌరవంగా కూర్చుని ఉంది.

"చూద్దాం ఏలియా, చూద్దాం," అనేవారు జనార్ధనరావుగారు. ఆయనది గుంటూరు వైపు, హోదా డైరెక్టరు, శాస్త్రం పక్షిశాస్త్రం. పక్షులంటే ఆయనకు ప్రాణం. అయితే కలరా ఉండల వాసన సోకితే తుమ్ములు వస్తాయి కాబట్టి, సొరుగుల గదిలోకి మాత్రం అడుగు పెట్టేవారు కాదు.

ఎనభై ఏడు ఎండాకాలంలో ఆయనకు ఉన్నట్టుండి సిక్కిం కొండల్లో పరిశోధన చేయాలనిపించింది. ఉప్పల్‌లో నలభై మూడు డిగ్రీలు కాస్తుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. వెంట ఏలియాను తీసుకుపోయారు, పెట్టెలు మోయడానికి ఒక శాస్త్రీయ దృక్పథం ఉన్న మనిషి కావాలి కదా. తీరా కొండెక్కాక ఆయనకు ఎత్తు పడలేదు. తల తిరిగింది, కడుపు తిరిగింది. గెస్టుహౌసులో మూడు రజాయిలు కప్పుకుని పదకొండు రోజులు మహా పరిశోధన చేశారు. ఏలియా మాత్రం అక్కడి మనిషి ఒకణ్ణి తోడు తీసుకుని, రోజూ తెల్లారి అడవిలోకి పోయి వలలు కట్టాడు.

ఆ అడవి ఏలియా కలలో కూడా చూడనిది. మంచు పొగలో ఎర్రపూల చెట్లు, కొమ్మల నిండా నాచు. ఒక ఉదయం పోయేసరికి వలలో ఒక చిన్న పిట్ట చిక్కుకుని ఉంది. లేత ఆకుపచ్చ ఒళ్లు, కంటి చుట్టూ కాటుక దిద్దినట్టు నలుపు, తోకకు ఎరుపు. జోడుది కాబోలు, ఇంకోటి పైకొమ్మ మీద నుంచి "ట్సీ, ట్సీ" అని సన్నగా, వినపడీ వినపడనట్టు పిలుస్తోంది. ఏలియా వల విప్పి పిట్టను పిడికిట్లోకి తీసుకున్నాడు. చలికి అప్పటికే సగం ప్రాణం పోయింది. అరచేతిలో గబగబా కొట్టుకుంటున్న ఆ చిన్న ఛాతీ తగలగానే అతనికి రాహేలు గుర్తొచ్చింది. "ఉండు తల్లీ, జర ఉండు," అని నోటిదగ్గర పెట్టుకుని వెచ్చని గాలి ఊదాడు. ఉండలేదు. చేతిలోనే ఆగిపోయింది. ఏలియా అక్కడే నాచు మీద కూలబడి ఏడ్చాడు. పన్నెండేళ్లలో వేల పిట్టలకు దూది కూరినవాడు, ఒక్క పిట్ట కోసం ఏడవడం అదే మొదలు.

సాయంత్రం తోలు ఒలిచి, తూచి, రిజిస్టరు పట్టుకుని గెస్టుహౌసు గది తలుపు తట్టాడు.

"సార్, ఇదేం పిట్టనో సమజైతలేదు సార్. బుక్కు మొత్తం తిరగేసిన. ఏమని రాయమంటరు?"

రజాయిల కింద నుంచి మూలుగు వినిపించింది. "పిట్టేనా అది?"

"పిట్టనే సార్."

"అయితే పిట్ట అని రాసి తగలడు! ముందు ఆ తలుపెయ్యి, చలి!"

ఏలియా చెప్పిన మాట వినే మనిషి. ఇంగ్లీషు అక్షరాల్లో, రెండు టీలు పెట్టి, ముద్దుగా 'పిట్ట' అని రాశాడు. పదివేల రెండువందల అడుగులు, పన్నెండు గ్రాములు, ఒళ్లు ఆకుపచ్చ, తోక ఎరుపు. అదే మాట చీటీ మీదా రాసి, పిట్ట కాలికి ముడేశాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పకపోతే కథ ముందుకు పోదు. మనకు ఎగిరే చిన్న ప్రాణి ప్రతిదీ పిట్టే. శాస్త్రవేత్తల ఇంగ్లీషులో అలా కాదు. వాళ్ల పుస్తకాల్లో 'పిట్ట' అని ఒక ప్రత్యేకమైన జాతి ఉంది. బొద్దుగా, మొండితోకతో, ఆకుపచ్చా ఎరుపూ కలిసిన రంగుల్లో, కింది అడవుల్లో నేల మీద గెంతుతూ ఆకులు తిరగేసుకు తింటుంది. అది పదివేల అడుగుల మంచుకొండ ఎక్కిన దాఖలా లేదు.

లేదా! జనార్ధనరావుగారు హైదరాబాదు వచ్చి, ఒంట్లో కుదుటపడ్డాక, రిజిస్టరు తిరగేస్తూ ఆ లైను దగ్గర ఆగిపోయారు. పిట్ట! పదివేల రెండువందల అడుగుల మీద! గుండె ఝల్లుమంది. రంగులు చూశారు, సరిపోయాయి. బరువు చూశారు, అసలు పిట్టలో నాలుగోవంతు కూడా లేదు. దానికేం, పైకి పోయినకొద్దీ గాలి తక్కువ కాబట్టి పిట్ట కూడా తక్కువగా పెరుగుతుంది అని కొత్త సిద్ధాంతం కనిపెట్టారు. సొరుగు దాకా నలభై అడుగులు నడిచి ఆ పిట్టను ఒక్కసారి చూడాలన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు. మహానుభావులకు చిన్న ఆలోచనలు రావు.

వ్యాసం అచ్చయింది. ఢిల్లీ నుంచి అభినందన వచ్చింది. ఏ.ఎస్.రావు నగర్‌లో ఆయన ఇంటి దగ్గర కాలనీవాళ్లు శాలువా కప్పారు. పేపర్లో ఫొటో పడింది, చేతిలో భూతద్దంతో. ఆఫీసులో అందరికీ లడ్డూలు పంచారు. ఏలియాకూ ఒకటి దక్కింది, పగిలింది.

మాఘమాసం రోజుల్లో డెహ్రాడూన్ నుంచి ఉత్తరం వచ్చింది. కొండపక్షుల మీద ముప్పయ్యేళ్లుగా పనిచేస్తున్న డాక్టర్ హైమావతిగారు ఆ పిట్టను కళ్లారా చూడ్డానికి వస్తున్నారట. పేరుకు తగ్గట్టే ఆమె హిమాలయాల్లో స్థిరపడిన మనిషి. ఆమె రేపు వస్తుందనగా, జనార్ధనరావుగారు ముక్కుకు రుమాలు కట్టుకుని మొదటిసారి సొరుగు తెరిపించారు. బొటనవేలంత పిట్టను చూశారు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఇదేంటయ్యా ఇది?"

"పిట్ట సార్."

"ఇది పిట్ట కాదయ్యా!"

"పిట్ట గాకుంటే ఏంది సార్?" అన్నాడు ఏలియా, నిజంగానే అర్థం కాక.

జనార్ధనరావుగారు అర్థమయ్యేట్టు చెప్పారు. చెప్పాక తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించారు. "చూడు ఏలియా. మన దగ్గర అసలు పిట్టలు తొమ్మిది ఉన్నాయి, పద్నాలుగో బీరువాలో. ఈ చీటీ కత్తిరించి అందులో ఒకదానికి కట్టు. దీన్ని ఎక్కడన్నా పారెయ్. రేపు ఆవిడ అటు వెళ్లగానే నీ ఫైలు మీద సంతకం పెడతాను. మీ ఆవిడకు ఒంట్లో బాగుండదు కదా?"

పన్నెండేళ్లలో ఆయన రాహేలు మాట ఎత్తడం అదే మొదటిసారి. ఏమి దయార్ద్రహృదయం!

ఆయన పోయాక ఏలియా కత్తెర పట్టుకుని సొరుగు ముందు నిలబడ్డాడు. నీలం కార్డు కళ్ల ముందు ఆడింది. పొద్దున రాహేలు చపాతీ చేస్తూ మధ్యలో ఆగి, గోడకు చెయ్యానించి, ఊపిరి తీసుకోవడం గుర్తొచ్చింది. ఒక్క దారం కత్తిరిస్తే చాలు. కత్తెర దారం దాకా పోయింది. అది కొండ మీద చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే తను వేసిన ముడి. తన చేతిలో ప్రాణం వదిలిన దాన్ని చెత్తబుట్టలో వేయడానికి అతనికి చెయ్యి రాలేదు. కత్తెర జేబులో పెట్టుకుని, దారి పొడుగునా తనను తానే తిట్టుకుంటూ సైకిలు తొక్కుకుని నాచారం పోయాడు. రాహేలుకు ఏమీ చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

మర్నాడు హైమావతిగారు వచ్చారు. నెరిసిన జుట్టు, స్వెట్టరు, కాన్వాసు బూట్లు. సొరుగు లాగీ లాగగానే "అబ్బ!" అని పిట్టను రెండు చేతుల్లోకి తీసుకున్నారు. జనార్ధనరావుగారు ఏలియా వైపు చూసిన చూపుకు కలరా ఉండలు కూడా కరిగిపోయేవే.

"ఈ తోలు ఒలిచింది ఎవరు?" అని అడిగారామె.

"నేనే మేడం."

"ఎంత శుభ్రంగా చేసినవయ్యా! మరి చీటీ?"

"అదీ నేనే రాసిన."

"పిట్ట అని ఎందుకు రాసినవు?"

"పిట్ట గాబట్టి, మేడం."

ఆమె ఒక్క నిమిషం అతని మొహంలోకి చూసి, పకపకా నవ్వింది. కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వింది. "మాది హనుమకొండ, నాకు తెలుస్తదిలే," అంది. "జనార్ధనరావుగారూ, దీన్ని మైజార్నిస్ అంటారు. ఎర్రపూలలో తేనె తాగి బతుకుతుంది. తోలు ఇంత చక్కగా దొరకడం గొప్ప సంగతి. మీ వ్యాసం తప్పు. ఇతని చీటీ తప్పు కాదు. అసలు ఆ 'పిట్ట' అన్న మాట ఎవరిదనుకున్నారు? మనదే. దొరలు మన దగ్గర విని, పట్టుకుపోయి, ఒక్క జాతికి తగిలించి పుస్తకంలో ఎక్కించుకున్నారు. ఆ పుస్తకం చదివి మనవాళ్లే పొరబడితే ఇక ఏమనాలి?"

ఏలియా నోరు తెరుచుకుని విన్నాడు. జనార్ధనరావుగారు నోరు మూసుకుని విన్నారు.

"అది సరే," అంది ఆమె, "పొద్దున రిజిస్టరుతో పాటు మీ టూర్ డైరీ కూడా చూశాను. ఆ రోజు మీరు వల దగ్గరే ఉన్నట్టు రాశారు. పిట్టను చూడలేదా?"

ఆయన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని తుమ్మారు. ఆమె పోతూ పోతూ ఇంకో చీటీ మీద అసలు పేరు రాసి పిట్ట రెండో కాలికి కట్టింది. "మొదటి చీటీ ముట్టుకోవద్దు. అది ఎంత తప్పయినా తీయకూడదు, ఏ మ్యూజియంలోనైనా అదే రూలు," అని ఏలియాకు చెప్పి మరీ వెళ్లింది.

వ్యాసం తప్పన్న సంగతి ఢిల్లీ చేరింది. నెల తిరక్కుండా అక్కణ్ణుంచి తాఖీదు వచ్చింది. పొరపాటుకు బాధ్యుడైన ఉద్యోగి ఎవరు? హోదా ఏమిటి? అతని మీద తీసుకున్న చర్య ఏమిటి? ఛార్జిమెమో నంబరు, తేదీతో సహా పదిహేను రోజుల్లో తెలపండి.

జనార్ధనరావుగారు ఆఫీసు సూపరింటెండెంటు పరంధామయ్యను పిలిచారు. పరంధామయ్య మహా పాతకాపు. రూల్సు పుస్తకం అతనికి నోటికి వచ్చు, పేజీ నంబర్లతో సహా.

"ఏలియాకు ఛార్జిమెమో ఇవ్వండి. కడుపు మండిపోతోంది నాకు."

"ఇయ్యరాదు సార్," అన్నాడు పరంధామయ్య నింపాదిగా. "ఆయన ఎన్నెమ్మార్. ఛార్జిమెమో ఉద్యోగికే ఇస్తరు."

"అయితే రేపట్నుంచి రావద్దని చెప్పండి!"

"చెప్పొచ్చు సార్. కానీ ఢిల్లోళ్లు ఉద్యోగి పేరు అడిగిన్రు. ఎన్నెమ్మార్ రాసిండని మనం రాస్తే, సైంటిఫిక్ రిజిస్టరు ఎన్నెమ్మార్ చేతికి ఎట్లొచ్చింది, సైంటిస్టు ఏడున్నడు అని అడుగుతరు. అటెనుక టూర్ డైరీ అడుగుతరు. గెస్టుహౌసు రిజిస్టరు గూడ అడుగుతరు."

జనార్ధనరావుగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మరి... దారి?"

పరంధామయ్య వంగి, దేవుడి పటానికి కుడిపక్కన ఉన్న ఫైలును అందుకుని, దుమ్ము దులిపి, ఆయన ముందు పెట్టాడు. "టూర్‌కు పోకముందు తేదీ నుంచి పర్మినెంటు చేస్తే, ఉద్యోగి అయితడు సార్. ఉద్యోగి అయినంక మెమో గాదు, ఏదైనా ఇయ్యొచ్చు."

పన్నెండేళ్లు పట్టని సంతకం అర నిమిషంలో అయిపోయింది. మంచి పనికి ఎన్ని అడ్డంకులు ఉంటాయో తెలుసు కానీ, చెడ్డ పనికి సర్కారు ఇంత చురుగ్గా పరిగెత్తుతుందని ఏలియాకు అంతవరకు తెలియదు.

ఒకే రోజు, ఒకే కవరులో, ఏలియాకు రెండు కాగితాలు అందాయి. ఒకటి మ్యూజియం అసిస్టెంటుగా నియమిస్తున్నట్టు ఆర్డరు. రెండోది అదే మ్యూజియం అసిస్టెంటు ఘోరమైన నిర్లక్ష్యం చేశాడంటూ ఛార్జిమెమో. ఏలియా రెండూ గుండెకు హత్తుకుని, ఇంటికి పోయి, రాహేలు చేతిలో పెట్టాడు. ఇద్దరూ కాసేపు ఏడ్చారు, కాసేపు నవ్వారు. ఆదివారం నాచారం చర్చిలో రాహేలు కృతజ్ఞత కానుక వేసి సాక్ష్యం చెప్పింది. "దేవుడు మా ఆయనకు ఛార్జిమెమో దయచేసిండు," అందామె. సంఘమంతా "హల్లెలూయా" అంది. ఇప్పటికీ మెమో అంటే ఏమిటో ఆ సంఘంలో సగం మందికి తెలియదు.

తరువాతి వారం జనార్ధనరావుగారు తనే టైపు చేయించిన జవాబు ఏలియా ముందు పెట్టారు. 'నేను రాసినది పిట్ట కాదని ఒప్పుకుంటున్నాను. అజ్ఞానం వల్ల తప్పు జరిగింది.' కింద సంతకానికి చోటు. "ఇది పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది. మందలింపుతో సరిపెడతాను. లేదనుకో, విచారణ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు తెలీదు."

ఏలియా కాగితం ఇంటికి పట్టుకుపోయాడు. రాహేలు చదివించుకుని వింది. కొత్త నీలం కార్డు ఆమె ఒళ్లోనే ఉంది.

"ఎగిరిందా అది?" అని అడిగింది.

"ఎగిరిందే."

"రెక్కలున్నయా?"

"ఎందుకు లెవ్వు?"

"మరి పిట్ట గాకపోతే ఏందట? బర్రెనా?"

"సంతకం పెట్టకుంటే నౌకరి పోతదేమో రాహేలూ. నీ కార్డు గూడ పోతది."

రాహేలు ఒళ్లోని కార్డు తీసి పక్కన పెట్టింది. ఆయాసం తీరేదాకా ఆగింది. "పోతే పోనీ. ఇన్నేండ్లు కార్డు లేకుంటనే ఊపిరి తీసుకున్న. నీ చేతుల సచ్చిందన్నవు గదా, దాన్ని పట్టుకుని అది పిట్టనే గాదని నీ చేతుల్తోని ఎట్ల రాస్తవయ్యా?"

మర్నాడు ఏలియా సొంతంగా, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో జవాబు రాసిచ్చాడు. 'అయ్యా, అది చిన్నగ ఉన్నది, ఎగిరేది, పాడేది. మా దిక్కు దాన్ని పిట్ట అంటరు. ఏమని రాయాలెనని నేను సారును అడిగిన, పిట్ట అని రాయమని సారే చెప్పిన్రు.'

జనార్ధనరావుగారి మొహం చూడవలసింది. ఆ జవాబు ఢిల్లీకి పంపితే తన రజాయిల సంగతి బయటపడుతుంది. పంపకుండా శిక్ష వేస్తే రూలు ఒప్పుకోదు. పర్మినెంటు మనిషిని విచారణ లేకుండా తీసేయరాదని, విచారణ పెడితే టూర్ డైరీ తెప్పించక తప్పదని, పరంధామయ్య పేజీ నంబరుతో సహా చదివి వినిపించాడు. చివరికి 'విచారణలో ఉంది' అని రాసి, ఫైలును దేవుడి పటానికి కుడిపక్కన, పాత చోటులోనే కూర్చోబెట్టారు.

జనార్ధనరావుగారు రెండేళ్లకు ప్రమోషను మీద ఢిల్లీ వెళ్లిపోయారు. అంత పెద్ద తప్పు చేసినవాణ్ణి ఇంకా కిందనే ఉంచితే బాగుండదు కదా! ఆ తరువాత ముగ్గురు డైరెక్టర్లు మారారు. తొంభై ఆరులో వచ్చిన కొత్తాయన పాత ఫైళ్లు దులుపుతూ ఏలియాను పిలిచి, "ఎనిమిదేళ్ల నుంచి నడుస్తోంది, ఏమిటయ్యా ఈ కేసు? ఒక్క మాటలో చెప్పు," అన్నాడు.

ఏలియా ఆయన్ని సొరుగు దగ్గరికి తీసుకుపోయి తెరిచి చూపించాడు. బొటనవేలంత ఆకుపచ్చ తోలు, రంగు చెక్కుచెదరలేదు. ఒక కాలికి పుస్తకం పేరు, ఇంకో కాలికి తను కట్టిన చీటీ. ఆయన వంగి, కళ్లద్దాలు సవరించుకుని చదివాడు.

"పిట్ట," అన్నాడు పైకే.

"గంతే సార్," అన్నాడు ఏలియా. సొరుగు నెమ్మదిగా మూసి, రాహేలుకు మందులు తేవాలని, నీలం కార్డు జేబులో ఉందో లేదో తడిమి చూసుకుని, సైకిలెక్కాడు.